అమ్మకానికి తయారుచేసే వర్క్‌షీట్లలో బొమ్మలు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ప్రశ్న: నేను కాకినాడలో బి.ఇడి. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒకటి, రెండు తరగతుల పిల్లల కోసం తెలుగు అక్షరాల వర్క్‌షీట్లు, ఇంగ్లిష్ ఫోనిక్స్ ఫ్లాష్ కార్డులు తయారుచేసి తెలిసిన టీచర్లకు ఇస్తున్నాను. బాగున్నాయని అందరూ అంటున్నారు. వాటిని పీడీఎఫ్‌లుగా అమ్మాలని, కొంతకాలానికి టీచర్లు తమ పాఠ సామగ్రిని అమ్ముకునే టీచర్స్ పే టీచర్స్ వంటి విదేశీ వేదికల మీద కూడా పెట్టాలని ఆలోచన. ఇప్పటిదాకా వాడిన బొమ్మలన్నీ గూగుల్‌లో వెతికి తీసుకున్నవే. చదువు కోసమే కాబట్టి ఫర్వాలేదని కొందరు, కేసు పెడతారని కొందరు అంటున్నారు. అమ్మకానికి పనికొచ్చే బొమ్మలు ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా?

జవాబు: మీకు సలహా ఇచ్చినవారిలో కొందరు తరగతి గదిని, మరికొందరు అమ్మకాన్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడారు. మన కాపీరైట్ చట్టం (1957) లోని 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయులో విద్యార్థులో ఒక చిత్రాన్ని నకలు తీసుకుంటే దాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో మీరు నల్లబల్ల పక్కన అంటించిన బొమ్మకు ఈ మినహాయింపు వర్తిస్తుంది. అదే బొమ్మ ఉన్న కాగితానికి ధర కట్టి, మీ తరగతితో సంబంధం లేనివారికి అమ్మితే వర్తించదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చిన్న అమ్మకందారుల విషయంలో వ్యవహారం సాధారణంగా కోర్టు దాకా వెళ్లదు. చిత్రకారులు ఫిర్యాదు చేయగానే వేదికవారు ఆ ఫైలును తొలగిస్తారు, మళ్లీ మళ్లీ జరిగితే ఖాతానే మూసివేస్తారు. అప్పటిదాకా కష్టపడి సంపాదించుకున్న కొనుగోలుదారులు, వారు రాసిన అభిప్రాయాలు అన్నీ ఆ ఖాతాతోపాటే పోతాయి కాబట్టి, మీ వయసులో వృత్తి మొదలుపెట్టేవారికి జైలు భయం కన్నా ఈ నష్టమే పెద్దదని నా అభిప్రాయం.

అందువల్ల బొమ్మ నచ్చాక అనుమతి వెతకడం కాకుండా, అనుమతి ఉన్న బొమ్మల్లోంచే నచ్చినది ఎంచుకోవడం అలవాటు చేసుకోండి. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ అనే చోట వినియోగ హక్కుల వడపోత ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సు, అంటే చిత్రకారులే కొన్ని షరతులతో అందరికీ ముందుగా ఇచ్చే అనుమతి ఉన్నవాటినే చూపమని అందులో అడగవచ్చు. అయితే ఆయా వెబ్‌సైట్లు తమ గురించి తాము ప్రకటించుకున్న సమాచారాన్నే అది చూపుతుంది కాబట్టి, బొమ్మ అసలు పేజీకి వెళ్లి లైసెన్సును స్వయంగా చదవకుండా దేన్నీ దించుకోవద్దు.

క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆరు రకాలు. పేరులో ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అన్న అక్షరాలు ఉంటే అమ్మకానికి పనికిరాదు. టీచర్లకు ఉచితం అంటూ తిరిగే బొమ్మల్లో చాలా భాగం ఈ కోవలోనివే. ఎన్‌సీ లేకుండా ఎన్‌డీ (నో డెరివేటివ్స్) ఉంటే అమ్మవచ్చు కానీ బొమ్మను మార్చి పంచకూడదు. అంటే రంగుల బొమ్మను గీతల బొమ్మగా మార్చి, పిల్లల చేత రంగులు వేయించే పేజీ తయారుచేసి అమ్మడం కుదరదు. ఎస్ఏ (షేర్ ఎలైక్) ఉంటే, మీరు మార్చిన రూపాన్ని కూడా అదే లైసెన్సు కింద అందరికీ వదిలేయాలి. అప్పుడు దాన్ని కొన్నవారు ఇతరులకు ఉచితంగా పంచినా మీరు కాదనలేరు కనుక, అమ్మే సరుకులో అటువంటి బొమ్మలను నేను సిఫారసు చేయను. మీకు నిశ్చింతగా పనికొచ్చేవి రెండే: చిత్రకారుల పేరు చెబితే సరిపోయే సీసీ బై, ఏ షరతూ లేని సీసీ జీరో.

తెలుగు వర్క్‌షీట్ల కోసం మీరు మొదట వెళ్లవలసిన చోటు స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ఈ వేదిక మీద పిల్లల కథలూ వాటి చిత్రాలూ ప్రధానంగా సీసీ బై 4.0 లైసెన్సుతో ఉంటాయి. తెలుగు కథలు కూడా చాలా ఉన్నాయి. ఇక్కడి బొమ్మల ఉపయోగం మీ అక్షరాల వర్క్‌షీటు దగ్గరే తెలుస్తుంది. ‘ఉ’ అక్షరానికి ఉడత కావాలని విదేశీ క్లిప్‌ఆర్ట్‌లో (సిద్ధంగా దొరికే చిన్న బొమ్మల్లో) వెతికితే, గుబురు తోకతో, చేతిలో ఓక్ కాయతో ఎర్రటి ఉడత వస్తుంది; దాని వీపు మీద చారలు ఉండవు. మన పెరట్లోని మూడు చారల ఉడతను రోజూ చూసే బిడ్డ ఆ బొమ్మను చూసి ఇంకేదో జంతువు పేరు చెబుతుంది. ‘ఇ’ అక్షరం దగ్గర పొగగొట్టం ఉన్న ఇల్లు, ‘ఊ’ దగ్గర పార్కులో ఇనుప గొలుసుల ఊయల వస్తాయి తప్ప, పెంకుటిల్లు గానీ దూలానికి కట్టిన చీర ఊయల గానీ రావు. మన పిల్లల కోసం మన చిత్రకారులు గీసిన కథల్లో ఇటువంటివి దొరికే అవకాశం చాలా ఎక్కువ. తీసుకున్నప్పుడు పీడీఎఫ్ చివరి పేజీలో చిత్రకారుల పేరు, కథ పేరు, స్టోరీవీవర్, ప్రథమ్ బుక్స్, సీసీ బై 4.0 అన్న లైసెన్సు పేరు, దాని లింకు, మీరు ఏమైనా మార్చి ఉంటే ‘నేపథ్యం తొలగించాను’ వంటి ఒక మాట తప్పనిసరిగా రాయండి. లైసెన్సు కోరేది ఇంతే, దాన్ని కూడా ఎగవేయడం మర్యాద కాదు.

ఓపెన్‌క్లిప్‌ఆర్ట్‌లోని బొమ్మలు సీసీ జీరో కింద ఉంటాయి; నాణ్యత ఒక్కో బొమ్మకు ఒక్కోలా ఉంటుంది కానీ ఆకారాలు, చట్రాలు, బాణపు గుర్తులు వంటి వాటికి బాగా పనికొస్తాయి. వికీమీడియా కామన్స్ అమ్మకాన్ని నిషేధించే లైసెన్సులను అసలు స్వీకరించదు, అయితే అక్కడ ఎస్ఏ రకం ఎక్కువ కాబట్టి ఒక్కొక్క ఫైలు పేజీని చూసుకోవాలి. ఉచిత బొమ్మల వెబ్‌సైటు పిక్సాబే విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఒకప్పుడు అది సీసీ జీరో పద్ధతిలో నడిచింది. 2019 నుంచి తన సొంత లైసెన్సుకు మారింది. బొమ్మను ఏ మార్పూ లేకుండా విడిగా అమ్మకూడదన్నది ఆ లైసెన్సులో ముఖ్యమైన షరతు. పదాలు, గళ్లు, సూచనలు, అభ్యాసాలు ఉన్న వర్క్‌షీటులో ఆ బొమ్మ ఒక భాగం మాత్రమే కాబట్టి సాధారణంగా చిక్కు రాదు. మీ ఫ్లాష్ కార్డుల సంగతి వేరు: కార్డు నిండా ఒకే బొమ్మ, కింద ఒక పదం ఉంటే మీరు అమ్ముతున్నది దాదాపుగా ఆ బొమ్మనే. ఫ్రీపిక్, కాన్వా వంటి చోట్ల కూడా ఇదే మెలిక వేర్వేరు మాటల్లో కనిపిస్తుంది కాబట్టి, ఫ్లాష్ కార్డులకు మాత్రం చిత్రకారుల నుంచి నేరుగా లైసెన్సు కొన్న బొమ్మలే వాడమని చెబుతాను.

అటువంటి చిత్రకారులు టీచర్స్ పే టీచర్స్‌లోనే ఉన్నారు. 2006లో న్యూయార్క్‌లో ఒక ఉపాధ్యాయుడు మొదలుపెట్టిన ఆ వేదిక మీద, సాటి అమ్మకందారుల కోసమే క్లిప్‌ఆర్ట్ గీసి అమ్మేవారు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. మీ ఇంగ్లిష్ ఫోనిక్స్ కార్డులకు ఇదే సరైన దారి. క్యాట్, మ్యాట్, హ్యాట్ వంటి చిన్న పదాలకు కావలసిన పిల్లి, చాప, టోపీ బొమ్మలు ఒకే చేతి గీతతో కట్టగా దొరుకుతాయి. పది చోట్ల నుంచి ఏరుకొచ్చిన బొమ్మల అతుకుల బొంతలా కనిపించకుండా ఉండడం కూడా అమ్మకానికి కలిసివస్తుంది. కొనేముందు ప్రతి కట్టతోపాటు ఇచ్చే వినియోగ నిబంధనల పత్రం పూర్తిగా చదవండి. కొందరు అమ్మకపు హక్కును ధరలోనే కలుపుతారు, కొందరు దానికి విడిగా లైసెన్సు అమ్ముతారు. తమ పేరు, దుకాణం లింకు మీ ఫైలులో ఉండాలని చాలామంది అడుగుతారు. స్లైడ్లలో పిల్లలు బొమ్మను జరిపి ఆడే పాఠాలకు కొందరు ఒప్పుకోరు, లేదా అదనపు రుసుము కోరతారు.

ఇంచుమించు అందరూ పెట్టే మరో షరతు, బొమ్మలు పేజీలో కలిసిపోయి ఉండాలని. పవర్‌పాయింట్‌లో చేసిన పేజీని అలాగే పీడీఎఫ్‌గా మార్చి, దాన్ని తెరిచి బొమ్మ మీద నొక్కి చూడండి. చాలాసార్లు ఆ బొమ్మ ఒక్కటే విడిగా ఎంపికై కాపీ అవుతుంది. అంటే మీ దగ్గర వర్క్‌షీటు కొన్నవారికి చిత్రకారుల సరుకు ఉచితంగా చేతికి వెళ్లినట్టే. అందుకే ముందుగా ప్రతి పేజీనీ ఒకే చిత్రంగా భద్రపరిచి, ఆ చిత్రాలను కలిపి పీడీఎఫ్ చేయాలి. ముద్రణలో అక్షరాలు మసకబారకుండా 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర భద్రపరచండి.

పాత తెలుగు బొమ్మల గురించి మీరు అడగలేదు కానీ, తెలుగు పాఠాలు తయారుచేసేవారు తరచుగా జారే చోటు అదే. మన చట్టంలో చిత్రకారుల మరణానంతరం 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. రాజా రవివర్మ 1906లో, రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మరణించారు కాబట్టి వారి చిత్రాలకు గడువు తీరింది. వడ్డాది పాపయ్య 1992లో, బాపు 2014లో మరణించారు. వారి బొమ్మల మీద హక్కులు వరుసగా 2052, 2074 చివరి దాకా ఉంటాయి. పాత పత్రికల స్కానులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకడం వల్ల ఈ లెక్క మారదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల బొమ్మలు కూడా ప్రజలందరి సొత్తు కావు. వాటికీ కాపీరైట్ ఉంటుంది.

మీకు కావలసిన బొమ్మ ఎక్కడా దొరకనప్పుడు, ఫైన్ ఆర్ట్స్ చదివే విద్యార్థి చేత గీయించుకోవడం మంచి పద్ధతి. అప్పుడు ఒప్పందం నోటిమాటతో సరిపెట్టవద్దు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే ఆ బదిలీ వర్తిస్తుంది. విదేశీ వేదిక మీద అమ్మాలనుకునే మీకు ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. ఏఐతో బొమ్మలు చేయించుకోవచ్చు కదా అనుకుంటారేమో; పూర్తిగా యంత్రం గీసిన చిత్రానికి కాపీరైట్ ఇవ్వడం లేదని అమెరికా కాపీరైట్ కార్యాలయం స్పష్టం చేసింది కాబట్టి, ఆ బొమ్మలను అక్కడ మరొకరు ఎత్తుకుపోతే మీరు ఆపలేరు.

అక్షరాల ఆకృతులకు కూడా లైసెన్సు ఉంటుందని చాలామంది గమనించరు. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు అమ్మే పత్రాలలో కూడా వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో వస్తాయి. డీటీపీ సెంటర్‌లో ఎవరో ఎక్కించి ఇచ్చిన ఫాంట్ల జోలికి పోవద్దు.

ఇక ఈ పని మొదలుపెట్టిన రోజు నుంచే ఒక ఎక్సెల్ షీటు తెరవండి. బొమ్మ ఫైలు పేరు, చిత్రకారుల పేరు, తీసుకున్న పేజీ లింకు, లైసెన్సు పేరు, దించుకున్న తేదీ, ఏ వర్క్‌షీటులో వాడారు అన్న వివరాలు రాస్తూ, నిబంధనల పేజీని పీడీఎఫ్‌గా భద్రపరచండి. కొన్నవాటికి రసీదు కూడా ఉంచుకోండి. పిక్సాబే లాగా నిబంధనలు మారే చోట, మీరు తీసుకున్న నాటికి ఏ షరతులు ఉన్నాయో చూపగల ఆధారం ఇదొక్కటే. ఇప్పటికే గూగుల్ బొమ్మలతో చేసిన సెట్లను అమ్మకానికి పెట్టకుండా, వాటిలోని పాఠాన్ని అలాగే ఉంచి బొమ్మలు మాత్రం మార్చండి. మొదట తెలుగు అక్షరాల సెట్టు ఒక్కటే స్టోరీవీవర్ చిత్రాలతో పూర్తిచేసి ఇక్కడి టీచర్లకు అమ్మి చూడండి. క్లిప్‌ఆర్ట్ మీద డబ్బు ఖర్చుపెట్టడం ఆ తరువాతి మాట. విదేశీ వేదికకు వెళ్లేముందు భారతదేశం నుంచి అమ్మకందారుల ఖాతాకు, చెల్లింపులకు అక్కడి ప్రస్తుత నిబంధనలు ఏమిటో చూసుకున్నాకే ఆ వేదిక కోసం బొమ్మలు కొనండి.

బి.ఇడి. తరువాత ప్రైవేటు బడిలో చేరితే, ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన సామగ్రి మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే యాజమాన్యానిదే అవుతుంది. కాబట్టి చేరేటప్పుడే మీ పాత సెట్ల జాబితా ఇచ్చి, అవి మీవేనని రాయించుకోండి. డీఎస్సీ ద్వారా ప్రభుత్వ ఉపాధ్యాయురాలైతే, ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం చేయకూడదు కనుక, అమ్మకం కొనసాగించాలనుకుంటే శాఖాధికారికి దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది.