బంతి పోతే తిడతారని...

ప్రశ్న: మా ఇల్లు కోనసీమలో పంటకాలువ గట్టు మీద. బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. కాలువలోకి దిగొద్దని రోజూ చెబుతాను. దిగితే ఏమవుతుందని అడిగితే ‘మునిగిపోతాం’ అని టక్కున చెబుతాడు కూడా. మొన్న ఆదివారం బంతి పడిందని రేవు మెట్లు దిగి, మోకాలి లోతులో నిలబడి చెయ్యి చాస్తున్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. లాక్కొచ్చి రెండు దెబ్బలు వేశాను. తెలిసి కూడా ఎందుకిలా చేస్తాడు మేడమ్? మొండితనమా?
– ఒక తల్లి, అమలాపురం దగ్గర

జవాబు: మొండితనం కాదమ్మా. ముప్పై ఏళ్లు ఒకటీ రెండూ తరగతులకే పాఠం చెప్పాను కాబట్టి గట్టిగా అంటున్నాను. ‘మునిగిపోతాం’ అన్నది వాడికి ఎక్కం లాంటిది. అడిగితే అప్పజెబుతాడు, అంతే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అదే రేవు దిగి క్రికెట్ ఆడి ఉంటాడు. ఆ వయసులో తాను నడిచిన నేలే గుర్తు. జూన్‌లో నీళ్లు వదిలాక లోతు పైకి కనిపించదు. పూడిక తీసిన చోటయితే పెద్దవాళ్లకీ అంచనా అందదు.

ఒకసారి క్లాసులో అడిగాను, బంతి కాలువలో పడితే ఏం చేస్తారని. ‘దిగమండీ’ అని అందరూ ఒకే గొంతు. ‘కొత్త బంతి అయితే?’ అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు మెల్లగా, ‘ఎవరూ చూడకుండా తెచ్చేసుకుంటానండీ. పోతే నాన్న కొడతాడండీ’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మునగడం వాడు ఎరగడు, దెబ్బ ఎరుగును. తెలిసిన భయానికే జడిశాడు. మీరు వేసిన రెండు దెబ్బలకి బాబు నేర్చుకున్నది కూడా మీరు లేనప్పుడు దిగాలనే కావచ్చు. మీ భయం నాకు అర్థమైంది, తప్పు పట్టడం లేదు.

వాడి చెయ్యి పట్టుకుని రేవు దగ్గరికి వెళ్లండి. పొడుగాటి వెదురుగడ నీళ్లలోకి అడుగుదాకా దించి, పైకి తీసి, తడిసినంత మేరా వాడి పక్కన నిలబెట్టండి. తడి వాడి తల దాటితే వాడే నోరు తెరుస్తాడు. తర్వాత ఎండు కొబ్బరిమట్ట నీళ్లలోకి విసిరి, గట్టు మీద దానితోపాటు నడవమనండి. కాలువ నిండుగా పారుతుంటే పరుగెత్తాల్సి వస్తుంది. ఆఖరి మెట్టు మీద నాచు వేలితో తాకించండి.

‘దిగొద్దు’ అని వదిలెయ్యకండి, ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. బంతి పడితే వెనక్కి వచ్చి అమ్మా అని పిలవాలి. స్నేహితుడు పడినా దూకకూడదు, కేకలు వెయ్యాలి. నాలుగైదుసార్లు ఆటలా చేయించండి. మూత బిగించిన ఖాళీ డబ్బాకి తాడు కట్టి రేవు పక్కనే పెట్టండి, పెద్దవాళ్లు విసరడానికి. మునిగేవాళ్లు చాలాసార్లు అరవలేరు, నీళ్ల చప్పుడు కూడా రాదు. అందుకే ఎంత నేర్పినా ఏడేళ్లవాడి మాట మీద భరోసా పెట్టుకోకండి, రేవుకి దడి కట్టించి తలుపు పెట్టించండి.

ఇంకొకటి. బంతి పోతే ఒక్క మాట అననని వాడికి చెప్పండి. చెప్పి ఊరుకోకుండా రెండు బంతులు కొని, వాడికి కనిపించేలా గూట్లో పెట్టండి.