చర్చి గదిలో అబార్షన్ సలహా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో అబార్షన్ నేరంగా ఉన్న రోజుల్లో చర్చి పాస్టర్లే ఆడవాళ్లను డాక్టర్ల దగ్గరికి పంపేవారట. నిజమేనా? పోలీసులు ఊరుకున్నారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిజమే. చాటుమాటుగా కాదు, పేపరుకు చెప్పి మరీ మొదలుపెట్టారు. 19 మంది ప్రొటెస్టెంట్ పాస్టర్లు, ఇద్దరు యూదు రబ్బీలు కలిసి ‘క్లెర్జీ కన్సల్టేషన్ సర్వీస్’ (మతగురువుల సలహా కేంద్రం) పెట్టారని 1967 మే 22న న్యూయార్క్ టైమ్స్ రాసింది. న్యూయార్క్ నగరం గ్రీనిచ్ విలేజ్‌లోని జడ్సన్ మెమోరియల్ చర్చి పాస్టరు హోవార్డ్ మూడీ దీనికి పెద్ద దిక్కు. రోజువారీ పని నెత్తినేసుకున్నది మాత్రం ఆ చర్చి ఆఫీసు చూసే ఆర్లీన్ కార్మెన్.

ఫోను చేస్తే మనిషి పలకరు. రికార్డు చేసిన గొంతు, అప్పుడు అందుబాటులో ఉన్న పాస్టర్ల పేర్లు, నంబర్లు చదువుతుంది. వెళ్లేటప్పుడు గర్భం నిర్ధారణ అయిందనీ, ఎన్నో వారమనీ డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకెళ్లాలి. ఈ పట్టుదల ఊరికే కాదు. నెల తప్పిన లెక్క నోటిమాటగా చెబితే రెండు మూడు వారాలు ఇట్టే తేడా వస్తుంది. పన్నెండు వారాలు దాటితే చేసే పద్ధతీ మారుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. మాటలు ముఖాముఖిగానే. కని పెంచుకోవడం, దత్తతకివ్వడం గురించి కూడా మాట్లాడాకే డాక్టరు పేరు చెప్పేవారు. పాస్టర్లు పైసా తీసుకునేవారు కాదు.

డాక్టర్ల తనిఖీ కార్మెన్‌ది. తనే గర్భిణిలా వెళ్లి, గది శుభ్రంగా ఉందా, మనిషి మర్యాదగా మాట్లాడుతున్నాడా అని చూసుకుని, చివర్లో తానెవరో చెప్పేది. ఫీజు బేరమాడేదీ ఆమే. డాక్టరు మీద ఫిర్యాదులు వస్తే జాబితాలోంచి పేరు కొట్టేసేవారు. ఉపదేశాల కన్నా ఈ జాబితాయే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని మా అభిప్రాయం.

ఇక పోలీసులు. అబార్షన్ చట్టం రాష్ట్రానికొకటి. సలహా ఒకచోట, ఆపరేషన్ మరోచోట అయితే కేసు కట్టడం కష్టం. అందుకే కావాలని వేరే రాష్ట్రాల డాక్టర్ల దగ్గరికి పంపేవారు. అయినా అందరూ తప్పించుకోలేదు. క్లీవ్‌లాండ్ పాస్టరు రాబర్ట్ హేర్ మీద 1969లో మసాచుసెట్స్‌లో కేసు పడింది. 1970 జూలై 1 నుంచి న్యూయార్క్‌లోనే 24 వారాల వరకు చట్టబద్ధం కావడంతో దారి సులువైంది.

ప్రశ్న: ఏ మతమైనా దీన్ని పాపమనే అంటుంది కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అన్నీ ఒకేలా అనవు. కాన్పు కష్టమై తల్లి ప్రాణం మీదికొస్తే పిండాన్ని ముక్కలుగానైనా తీసేయమనీ, ముందు ఆమె ప్రాణమేననీ యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. బిడ్డ చాలావరకు బయటికొచ్చాక మాత్రం ముట్టకూడదు. ఇస్లాంలో ఆత్మ ప్రవేశించేది 120 రోజులకని ఒక లెక్క. తగిన కారణముంటే అంతకు ముందు అనుమతించిన హనఫీ (ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటి) పండితులున్నారు. కాథలిక్ చర్చి ఒప్పుకోదు. మన ధర్మశాస్త్రాలూ భ్రూణహత్యను మహాపాపమనే అన్నాయి, దాచడమెందుకు?

ప్రశ్న: అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉంటున్నాం. మత స్వేచ్ఛ పేరుతో అబార్షన్ నిషేధం నుంచి మినహాయింపు వచ్చిందంటున్నారు. హిందువులకూ వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, ఇండియానాపొలిస్

జవాబు: తొందరపడకండి. ఇండియానాలో 2015 నాటి మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం ఉంది. 2022లో అబార్షన్ నిషేధం రాగానే ‘హూజియర్ జ్యూస్ ఫర్ ఛాయిస్’ అనే సంస్థ, పేర్లు బయటపెట్టని కొందరు మహిళలు దీని కిందే కోర్టుకెక్కారు. వాళ్లలో ఒక ముస్లిం మహిళ కూడా ఉన్నారు. నిషేధాన్ని వాళ్ల మీద అమలు చేయొద్దని ఆ డిసెంబరులో తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది, కానీ పరిధి సరిచూడమంది. చట్టం అడిగేది మీ మతం పేరు కాదు. మీ నమ్మకం నిజాయితీగా ఉందా, నిషేధం దానికి గట్టిగా అడ్డొస్తోందా అనేవే. అంతమాత్రాన ‘నేను హిందువుని’ అని ఆసుపత్రికి వెళితే తలుపులు తెరుచుకోవు. లైసెన్సు పోతుందని డాక్టర్లకు భయం. ముందు లాయరును కలవండి. ఆలస్యం చేసేకొద్దీ వారాలు గడిచిపోతాయి.

ప్రశ్న: మన దగ్గర ఆసుపత్రిలో భర్త సంతకం అడుగుతున్నారు. తప్పనిసరా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కాదు. 1971 ఎంటీపీ (గర్భ విచ్ఛిత్తి) చట్టం ప్రకారం 18 నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు; ఫారం సి అనే సమ్మతి పత్రం మీద పెట్టాలి. పద్దెనిమిది నిండకపోయినా, మానసిక అనారోగ్యం ఉన్నా మాత్రమే సంరక్షకుడి సంతకం కావాలి. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ నిబంధనల్లో చెప్పిన వర్గాలకే. పెళ్లికాని స్త్రీలకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. భర్త సంతకం కావాలని పట్టుబడితే, ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసివ్వమనండి.