చప్పుడు తగ్గిస్తే ప్రాసెసర్‌కు చేటా?

పాఠకుల ప్రశ్నలు: కంప్యూటర్

ప్రశ్న: నేను ఇంటి నుంచే పదో తరగతి విద్యార్థులకు గణిత పాఠాలు రికార్డు చేస్తుంటాను. నా కంప్యూటర్‌లో ఉన్నది 65 వాట్ల తరగతి ప్రాసెసర్. దానితోపాటు పెట్టెలో వచ్చిన చిన్న హీట్‌సింకునే (ప్రాసెసర్ వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మ) వాడుతున్నాను. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే ఫ్యాన్ హోరు మైకులోకి వచ్చేస్తోంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగులు) ఫ్యాన్ వేగం తగ్గిస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 90 డిగ్రీలకు చేరుతోంది. ప్రాసెసర్ పాడవకుండా చప్పుడు తగ్గించే మార్గం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: ఉంది. అయితే ఆ మార్గం బయాస్‌లో కంటే ముందు హీట్‌సింకు పరిమాణంలో వెతకవలసినది. ముందుగా మీ భయం సంగతి చూద్దాం. ఇంటెల్ కోర్ ఐ5-12400కు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 5 7600కు 95 డిగ్రీలు. ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. కాబట్టి 90 డిగ్రీలు చూసి కంగారు పడనక్కరలేదు. కానీ హద్దుకు అంత దగ్గరగా నడిచే యంత్రానికి మే నెలలో పనికొచ్చే వెసులుబాటు ఏమీ మిగలదు. సరిచేయవలసింది అందుకే.

ఒక హీట్‌సింకు ఎంత సమర్థమైనదో చెప్పే అసలు కొలత ఉష్ణ నిరోధం, అంటే ఒక్కొక్క వాట్ వేడికి చిప్పు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్న లెక్క. చిప్పు నుంచి గాలి దాకా ఇది మొత్తం 0.5 అనుకుందాం. ప్రాసెసర్ 100 వాట్లు తీసుకుంటున్నప్పుడు పెరుగుదల 50 డిగ్రీలు. 25 డిగ్రీల ఏసీ గదిలో అది 75 దగ్గర ఆగుతుంది; 40 డిగ్రీల గదిలో అదే హీట్‌సింకు, అదే ఫ్యాన్ వేగంతో 90కి చేరుతుంది. చల్లని గదుల్లో చేసిన సమీక్షలు చదివి కొన్న హీట్‌సింకులు మన వేసవిలో హోరెత్తడానికి కారణం వాటి లోపం కాదు, ఈ కూడికే. గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్నా లెక్క మారదు, ఎందుకంటే అది మన చెమటను ఆరబెడుతుందే తప్ప గాలి ఉష్ణోగ్రతను తగ్గించదు.

మీది 65 వాట్ల ప్రాసెసర్ అయినప్పుడు 100 వాట్ల లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. ఐ5-12400కు మూల విద్యుత్తు 65 వాట్లే అయినా టర్బో సమయంలో, అంటే బరువైన పనికి తాత్కాలికంగా వేగం పెంచుకున్నప్పుడు, అది 117 వాట్ల దాకా తీసుకోగలదు. రైజెన్ 5 7600 కూడా 65 వాట్ల తరగతిదే, కానీ దాని పరిమితి 88 వాట్లు. పెట్టె మీది సంఖ్యను బట్టి హీట్‌సింకు ఎంచుకున్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఇక చప్పుడు. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా సగమే అవుతుంది, కానీ చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది కనుక ఇది చాలా పెద్ద లాభం. వేగాన్ని నాలుగింట మూడు వంతులకు తగ్గించినా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. పైగా గాలి సగమైనంత మాత్రాన ఉష్ణ నిరోధం రెట్టింపు కాదు, ఎందుకంటే దానిలో కొంత భాగం చిప్పులోనూ, చిప్పుకూ హీట్‌సింకుకూ మధ్య రాసే థర్మల్ పేస్ట్‌లోనూ, లోహంలోనూ ఉండి ఫ్యాన్‌తో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుంది. చప్పుడు వేగంగా పడిపోతూ చల్లదనం నెమ్మదిగా తగ్గే ఈ తేడాయే నిశ్శబ్దమైన కంప్యూటర్లన్నిటికీ ఆధారం.

మరి ఎంత గాలి అవసరం? 100 వాట్ల వేడిని, గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కేటట్టుగా బయటికి మోసుకుపోవాలంటే సెకనుకు సుమారు 8 లీటర్ల గాలి చాలు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు, నెమ్మదిగా తిరిగినా, ఇది పెద్ద పని కాదు. అంటే చిన్న హీట్‌సింకు దగ్గర కొరత గాలిది కాదు, గాలి తాకవలసిన లోహపు వైశాల్యానిది. ఉన్న కాస్త వైశాల్యం నుంచే వేడిని లాగడానికి చిన్న ఫ్యాన్ నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరగవలసి వస్తోంది. వైశాల్యం పెంచకుండా "సైలెంట్" అని రాసి ఉన్న మరో చిన్న ఫ్యాన్ బిగించడం వల్ల ప్రయోజనం స్వల్పం.

అందుచేత నా సలహా నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ రకం హీట్‌సింకు. హీట్ పైపు అంటే గట్టి రాగి కడ్డీ కాదు. గాలి తీసేసిన రాగి గొట్టంలో కొద్దిగా నీరు ఉంటుంది. పీడనం తక్కువ కాబట్టి అది తక్కువ వేడికే ఆవిరై, చల్లగా ఉన్న రేకుల వైపు వెళ్లి, అక్కడ వేడిని వదిలి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర గుండా వెనక్కి పీల్చుకోబడుతుంది. దూరంగా ఉన్న రేకులకు కూడా వేడి అందేది దీనివల్లే. గదంతటికీ గాలి పంచే పెద్ద సీలింగ్ ఫ్యాన్ చిన్న టేబుల్ ఫ్యాన్ కంటే ఎంత తక్కువ చుట్లతో పని జరుపుతుందో, ఇక్కడి పెద్ద ఫ్యాన్ కూడా అంతే: 800, 900 చుట్లతో సరిపెట్టుకుంటుంది. వెలువడే కాస్త శబ్దం కూడా కీచుగా కాక మంద్రంగా ఉండి, చెవికి గాని మైకుకు గాని అంతగా గుచ్చుకోదు.

కొనే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఈ టవర్లు సాధారణంగా 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, సన్నని క్యాబినెట్‌లో తలుపు మూసుకోదు. రెండోది, మీ ప్రస్తుత హీట్‌సింకు గాలిని కిందికి ఊదుతూ ప్రాసెసర్ చుట్టూ మదర్‌బోర్డుపై ఉన్న విద్యుత్ భాగాలను కూడా కొంత చల్లబరుస్తోంది. టవర్ రకం గాలిని అడ్డంగా తోస్తుంది కాబట్టి ఆ మేలు పోతుంది. క్యాబినెట్ వెనుక గాలిని బయటికి పంపే ఒక ఫ్యాన్, ముందు లోపలికి తీసుకునే ఒక ఫ్యాన్ ఉంటే ఆ లోటు తీరుతుంది.

డబ్బు పెట్టక్కరలేని మార్పులు కూడా చెప్తాను, ఎందుకంటే అవి చాలామంది పట్టించుకోనివి. మన కంప్యూటర్ టేబుళ్లకు క్యాబినెట్ పెట్టుకోవడానికి మూడు వైపులా మూసిన గూడు ఒకటి ఇస్తారు. వెనుక నుంచి వచ్చిన వేడి గాలి అక్కడే తిరిగి మళ్లీ లోపలికి పోతుంది. గూట్లో గాలి గది కంటే 5 డిగ్రీలు ఎక్కువ ఉంటే ప్రాసెసర్ కూడా సుమారు అంతే ఎక్కువ ఉంటుంది, ఆ 5 డిగ్రీల కోసం ఫ్యాన్ మరింత అరుస్తుంది. క్యాబినెట్‌ను గూటి నుంచి బయటికి తీసి మైకుకు వీలైనంత దూరంగా పెట్టండి. రేకుల మధ్య పేరుకున్న దుమ్మును కూడా తుడిపించండి. ఇంత చేశాక కూడా చప్పుడు ఎక్కువనిపిస్తే బయాస్‌లో ప్రాసెసర్ విద్యుత్ పరిమితిని తగ్గించండి. చివరి కొద్దిపాటి వేగం కోసమే ప్రాసెసర్ ఎక్కువ విద్యుత్తు తింటుంది. దాన్ని వదులుకుంటే ఎడిటింగ్ కొంచెం ఆలస్యమైనా వేడి గణనీయంగా తగ్గుతుంది.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో పెద్ద హీట్‌సింకే ఉంది. అయినా బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ ఒక్కసారిగా లేచి, రెండు సెకన్లలో తగ్గిపోతుంది. రోజంతా ఇదే వరస. ఫ్యాన్ చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫ్యాన్ బాగానే ఉంది, దానికి అందుతున్న ఆదేశాలే తొందరపాటువి. చిప్పు చాలా చిన్నది కాబట్టి చిన్న పనికే దాని ఉష్ణోగ్రత క్షణంలో పది, పదిహేను డిగ్రీలు ఎగిరి పడిపోతుంది. హీట్‌సింకు లోహం మాత్రం అంత త్వరగా వేడెక్కదు. మదర్‌బోర్డు చిప్పును చూసి ఫ్యాన్‌ను లేపుతోంది, ఆ గాలి హీట్‌సింకుకు చేరేసరికి అవసరమే తీరిపోతోంది. బయాస్‌లో ఫ్యాన్ సెట్టింగుల దగ్గర వేగం పెరగడానికి, తగ్గడానికి పట్టే సమయాన్ని నిర్ణయించే వీలు చాలా బోర్డుల్లో ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లకు పెంచండి. 65 డిగ్రీల వరకు ఫ్యాన్‌ను ఒకే తక్కువ వేగంలో ఉంచి, ఆపై నుంచి మెల్లగా పెరిగేలా, ఉష్ణోగ్రతను బట్టి ఫ్యాన్ వేగాన్ని చూపే గీతను అక్కడే దిద్దండి. నిలకడగా వచ్చే మెత్తని శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. లేచి పడే శబ్దానికి, అది చిన్నదైనా, అలవాటు పడదు. అందుకే డెసిబెల్స్ లెక్క కంటే ఈ దిద్దుబాటుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ప్రశ్న: అసలు ఫ్యాన్ లేని హీట్‌సింకులు వచ్చాయని విన్నాను. హైదరాబాద్‌లో వాడవచ్చా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఉన్నాయి. ఆస్ట్రియాకు చెందిన నోక్టువా సంస్థ 2021లో ఎన్‌హెచ్-పీ1 అనే ఫ్యాన్ లేని హీట్‌సింకును తెచ్చింది. వేడెక్కిన గాలి తనంతట తాను పైకి లేచే బలం చాలా తక్కువ కనుక అందులో రేకులు మందంగా, ఎడం ఎడంగా ఉంటాయి, బరువు కిలో దాటుతుంది. అది పని చేయాలంటే పైన రంధ్రాలున్న క్యాబినెట్, తక్కువ విద్యుత్తు తీసుకునే ప్రాసెసర్ కావాలి. వేసవిలో ఏసీ లేని గదిలో బరువైన పనులకు నేను దాన్ని సిఫారసు చేయను. 500 చుట్లతో తిరిగే ఒక్క పెద్ద ఫ్యాన్ శబ్దం రాత్రిపూట కూడా దాదాపు వినిపించదు, కానీ ఉష్ణోగ్రతను మాత్రం స్పష్టంగా తగ్గిస్తుంది. మీరు ఏ పెద్ద హీట్‌సింకు కొన్నా, సెలవులకు కంప్యూటర్‌ను ఊరికి బస్సులో తీసుకువెళ్లేటప్పుడు దాన్ని విప్పి వేరుగా పెట్టుకోండి, లేకపోతే కుదుపులకు ఆ బరువంతా మదర్‌బోర్డు మీద పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయడం తప్పనిసరి.