పాత రౌటర్‌తో రేడియో చేసిన పిల్లాడికి ఏది దారి?

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాడు. ఇంట్లో మూలన పడి ఉన్న టీపీ-లింక్ ఎంఆర్3420 వైఫై రౌటర్ విప్పి, లోపల సాఫ్ట్‌వేర్ మార్చి, దాన్ని ఇంటర్నెట్ రేడియో చేశాడు. కంప్యూటరూ ఫోనూ అక్కర్లేదు, స్విచ్ వేస్తే పాడుతుంది. సంతోషమే కానీ, మ్యాథ్స్ ఒక పేపర్ తప్పాడు. ఈ పనులకు ఉద్యోగాలు ఉంటాయా, చివరికి రిపేరు షాపే గతా? చుట్టాలేమో డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటున్నారు.
- ఒక తండ్రి, తణుకు

జవాబు: ముందు మీవాడు ఏం చేశాడో చెబుతాను. ఉద్యోగాల సంగతంతా అందులోనే ఉంది.

ఆ రౌటర్ నిజానికి ఒక చిన్న కంప్యూటర్. 32 ఎంబీ ర్యామ్, అన్నీ దాచుకోవడానికి 4 ఎంబీ ఫ్లాష్. అంటే మీ ఫోన్‌లో ఒక ఫొటోకు పట్టేంత చోటు. ఆ చోటులో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, వైఫై డ్రైవర్, సెట్టింగుల పేజీ అన్నీ ఇమడాలి. 3జీ డాంగిల్ కోసం కంపెనీ ఇచ్చిన యూఎస్‌బీ పోర్టులో మీవాడు సౌండ్ కార్డు పెట్టాడు. కంపెనీ ఫర్మ్‌వేర్ (పరికరం లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి, రౌటర్ల కోసం లైనక్స్‌తో చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాడు. అది ఎక్కాక ఖాళీ చాలా కొద్దిగానే మిగులుతుంది. రేడియోకు కావాల్సినవి పెట్టాలంటే అక్కర్లేనివి ఒక్కొక్కటే పీకేయాలి. ఏది తీస్తే ఏది ఆగిపోతుందో తెలియాలి. పరికరాలు తయారుచేసే కంపెనీల్లో ఫర్మ్‌వేర్ ఇంజినీర్లు జీతం తీసుకుని చేసేది సరిగ్గా ఇదే పని.

ఇంకొకటి. ఆ ప్రాసెసర్‌లో దశాంశాల లెక్కలు చేసే ప్రత్యేక హార్డ్‌వేర్ ఉండదు. ఎంపీ3 పాటను విప్పడమంటేనే బోలెడన్ని దశాంశాల గుణకారాలు. మామూలు ప్లేయర్ పెడితే ప్రాసెసర్ ఊపిరాడక పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందుకే ఇలాంటి బోర్డుల మీద మ్యాడ్‌ప్లే లాంటి ప్లేయర్ వాడతారు. అది ఆ లెక్కలన్నీ పూర్ణాంకాలతోనే నడిపిస్తుంది. మీవాడు ఏ ప్లేయర్ పెట్టాడో, ఎందుకు పెట్టాడో ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. ఎచ్‌టీటీపీఎస్ చిరునామా ఉన్న స్టేషన్లు కొన్ని ఎందుకు పలకడం లేదో కూడా అడగండి. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి (రహస్యంగా మార్చిన సమాచారాన్ని విప్పే కోడ్‌కు) ఫ్లాష్‌లో చోటు చాలకపోవడం దానికి ఒక కారణం కావచ్చు. ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో, అప్పుడు బోర్డును ఎలా బతికిస్తారో అడగండి.

మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వాడు చెప్పే తీరు చూడండి. కళ్లు మెరుస్తూ కాగితం మీద గీసి చెప్పాడంటే ఈ రంగంలో వాడికి చోటు ఉంది. 'నెట్‌లో అలా ఉంటే చేశా' అంటే తిట్టకండి. అదే రేడియోను ఏదీ చూడకుండా మళ్లీ మొదటి నుంచి చేయమనండి. చూసి చేయడానికీ తెలిసి చేయడానికీ ఉన్న తేడాను ఇంటర్వ్యూ బోర్డు ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది.

ఈ రంగం పేరు ఎంబెడెడ్ లైనక్స్, అంటే పరికరాల లోపల ఇమిడి ఉండే లైనక్స్. లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని బయటపడ్డాక, లైనక్స్ వాడి పరికరాలు అమ్మేవాళ్లు దాని కోడ్ ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు ప్రకారం 2003లో ఆ కంపెనీ సోర్స్ కోడ్ విడుదల చేయాల్సి వచ్చింది. ఆ కోడ్ మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఇప్పుడు మీ ఇంట్లో ఫైబర్ మోడెం, సెట్‌టాప్ బాక్సు, కొత్త కార్లలో ముందుండే స్క్రీను, చాలావరకు ఇదే కోవలోవి. మన దగ్గర కూడా ఈ పని ఉంది. వైఫై చిప్‌లు చేసిన రెడ్‌పైన్ సిగ్నల్స్ హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ సెంటర్ నడిపింది. 2020లో ఆ వైర్‌లెస్ విభాగాన్ని సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది. క్వాల్‌కామ్‌కూ హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. డిప్లొమాతోనే డిజైన్ ఉద్యోగం రావడం చాలా కష్టం. టెస్టింగ్, సర్వీసు, ప్రొడక్షన్ లైన్ ఉద్యోగాలు వస్తాయి. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ దొరకొచ్చు. అవీ గౌరవమైన పనులే. కానీ ఈ కుర్రాడికి బీటెక్ ఉండాలి. ఫ్రెషర్లను తీసుకునే ఎంబెడెడ్ కంపెనీలు సాఫ్ట్‌వేర్ సర్వీసు కంపెనీల కంటే తక్కువ. కాబట్టి కాలేజీ ఎంపిక, మార్కులు రెండూ లెక్కలోకి వస్తాయి.

బీటెక్‌కు దారి ఈసెట్, డిప్లొమా పిల్లలు రాసే ప్రవేశ పరీక్ష. రాస్తే నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 మార్కుల పరీక్షలో 100 మార్కులు బ్రాంచి సబ్జెక్టువి, 50 మ్యాథ్స్‌వి, ఫిజిక్స్ కెమిస్ట్రీ చెరో 25. బ్రాంచి సబ్జెక్టులో మైక్రోకంట్రోలర్లు, కమ్యూనికేషన్ వీడికి సులువుగానే ఎక్కుతాయి. వీడి ర్యాంకును కిందికి లాగేది ఆ 50 మార్కుల మ్యాథ్సే. తప్పిన పేపర్ ఉండగా రేడియో పని ఆపించమని నేను చెప్పను, ఆపిస్తే మ్యాథ్స్ మీద పగ పెంచుకుంటాడు. పొద్దున్న గంటన్నర మ్యాథ్స్, అది అయ్యాకే సోల్డరింగ్ ఐరన్. ఈ ఒప్పందం మీరు చేయండి. ఫోరియర్, ఇంటిగ్రేషన్ అర్థం కాకపోతే వాడి ఎంపీ3 పాట ఎలా కుదించబడుతుందో కూడా అర్థం కాదని వాడికి చెప్పండి. అది అబద్ధం కాదు, బెదిరింపూ కాదు.

డేటా సైన్స్ మంచి రంగమే. ఇష్టం లేని పిల్లాణ్ని అందులో కూర్చోబెట్టడం మాత్రం మంచిది కాదు. వీడికి ఇప్పుడు కావాల్సింది సీ భాష, పాయింటర్ల దాకా గట్టిగా. ఆ తర్వాత లైనక్స్ కమాండ్లు, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే సాధనం). బీటెక్ అయ్యాక ఇంకా పదును కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అది నాలుగైదేళ్ల తర్వాత మాట.

ఇప్పటికి ఒక పని చేయించండి. ఆ రౌటర్ బోర్డు మీద సీరియల్ కన్సోల్ (బోర్డు పంపే సందేశాలను కంప్యూటర్‌లో చదివే దారి) కోసం నాలుగు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటికి పిన్నులు సోల్డర్ చేసి, బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపే 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో 115200 వేగం పెడితే, స్విచ్ వేసిన క్షణం నుంచి బోర్డు తనలో జరిగేదంతా వరుసగా చెబుతుంది: బూట్‌లోడర్ (మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్) లేచింది, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) విప్పుకుంది, యూఎస్‌బీ కనిపించింది. కన్వర్టర్‌లోని 5 వోల్టుల వైరు మాత్రం పెట్టకూడదు, బోర్డు పోతుంది. ఆ వరుసల్లో ప్రతిదానికీ అర్థం నోట్‌బుక్‌లో రాయమనండి. పెట్టిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు, తీసేసిన ప్యాకేజీలు, ఎదురైన ఇబ్బందులు గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే వెబ్‌సైట్‌లో) పెట్టమనండి. పాలిటెక్నిక్ చివర్లో వచ్చే ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు ఇదే వాడి పరిచయపత్రం. సర్టిఫికెట్ ఇచ్చి పంపేసే చోటుకు కాకుండా, బోర్డులు డిజైన్ చేసే చిన్న కంపెనీకి ఇప్పటి నుంచే మెయిల్ పెట్టిస్తే మేలు.

ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన ఫైబర్ మోడెం మీద ప్రయోగాలు వద్దని గట్టిగా చెప్పండి. అది వాళ్ల సొత్తు, పైగా ఇంట్లో నెట్ పోతుంది. 230 వోల్టులు వచ్చే అడాప్టర్ లోపలా చేయి పెట్టకూడదు.

డేటా సైన్స్ ఫీజు కోసం తీసి పెట్టిన డబ్బు అలాగే ఉంచండి. అందులోంచి ఇప్పుడు ఒక మంచి మ్యాథ్స్ మాస్టారు, ఒక కన్వర్టర్, 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్‌కు తక్కువ కాని ఇంకో పాత రౌటర్. ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి అంతకన్నా తక్కువది చాలదు. మిగిలింది ఈసెట్ కౌన్సెలింగ్ నాటికి కాలేజీ ఫీజుకు పనికొస్తుంది.