పాఠకుల ప్రశ్నలు: స్కూటర్ నుంచి మోటార్‌సైకిల్‌కు

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచీ స్కూటర్ నడుపుతున్నాను, గేర్లు లేని బండికి లైసెన్సు కూడా ఉంది. ఉద్యోగరీత్యా మోటార్‌సైకిల్ అవసరమై కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని టెస్టుకు వెళితే, ‘8’ ట్రాక్ మలుపులో కాలు కింద పెట్టానని ఫెయిల్ చేశారు. ఇన్నేళ్లు నడిపిన అనుభవం ఉండి కూడా ఇలా ఎందుకు జరిగింది? మళ్లీ వెళ్లే ముందు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ అనుభవమే మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటుందని నా అనుమానం. స్కూటర్‌లో ఎడమ చేతికి అందేది వెనక బ్రేకు. మోటార్‌సైకిల్‌లో అదే చోట క్లచ్ ఉంటుంది. ఇరుకు మలుపులో వేగం కాస్త ఎక్కువైందనిపించగానే ఎడమ చేయి అలవాటుకొద్దీ లివర్‌ను పూర్తిగా నొక్కేస్తుంది. బ్రేకు పడదు సరికదా, ఇంజనుకూ వెనక చక్రానికీ మధ్య లంకె తెగిపోయి, అప్పటికే ఒక పక్కకు వాలి ఉన్న బండి మరింత వాలుతుంది. కాలు దానంతటదే నేలకు ఆనుతుంది. ట్రాక్ మీద దీనికి శిక్ష ఫెయిల్ కావడమే గానీ, రోడ్డు మీద గేదె అడ్డొచ్చినప్పుడు ఇదే పొరపాటు చేస్తే, ఇంజను ఇచ్చే నిలుపుదల కూడా పోయి బండి నేరుగా దాని మీదికి దొర్లుతుంది.

కాబట్టి ముందుగా ఇంటి దగ్గరే సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి బండి మీద కూర్చోండి. ఎవరినైనా ఉన్నట్టుండి ‘ఆపు’ అనమని, కుడి చేయి ముందు బ్రేకు మీదికి, కుడి పాదం పెడల్ మీదికి ఒకేసారి వెళ్లే వరకు సాధన చేయండి. ఎడమ చేయి వాటి తరువాతే కదలాలి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, స్కూటర్ అలవాటు వదలడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఆ తరువాత ఖాళీ మైదానంలో ముగ్గుపిండితో పెద్ద 8 గీసుకుని, మొదటి గేరులో, క్లచ్‌ను సగం వదిలి పట్టుకుని తిరగండి. ఇంజను శబ్దం పెంచకుండా, క్లచ్‌ను వేలెడంత నొక్కుతూ వదులుతూ వేగాన్ని సరిచూసుకోవాలి. తగ్గించాలంటే వెనక బ్రేకును పాదంతో మృదువుగా తాకాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోవద్దు, బండి పడిపోతుంది. 125 సీసీ వరకు ఉన్న చాలా కొత్త బళ్లలో కాంబీ బ్రేకు ఉండటం వల్ల, పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుందని గుర్తుంచుకోండి. చూపు ముందు చక్రం మీద కాక, తిరగబోయే మలుపు చివర ఉండాలి. పరీక్ష జరిపే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు, చూసేది వేగాన్ని కాదు, ఈ అదుపునే.

ఫెయిలైన వారు 7 రోజుల తరువాత మళ్లీ టెస్టుకు వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలే కాబట్టి తేదీ చూసుకోండి. అప్పటి వరకు రోడ్డెక్కితే బండికి ముందూ వెనకా ‘ఎల్’ బోర్డు ఉండాలి, వెనక కూర్చునేది లైసెన్సున్న, నేర్పే మనిషి మాత్రమే అయి ఉండాలి.

రోడ్డు మీద ఆపేటప్పుడు సంగతి వేరు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కనుక, హ్యాండిల్ నిటారుగా ఉన్నంత వరకు బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా గుంజకుండా క్రమంగా బిగించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, అంటే మీరు ప్రమాదాన్ని చూసి చేయి కదిపేలోపే ఒక లారీ పొడవుకు మించి దాటిపోతారు. మన జిల్లాల్లో కోతలయ్యాక రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి పట్టా కప్పి వదిలేస్తారు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు సరేసరి. హెడ్‌లైటు వెలుగు పడే దూరంలో ఆగగలిగే వేగమే రాత్రి పూట మీ వేగం. చున్నీ చివరలు నడుముకు కట్టుకోండి, వెనక చక్రంలో పడితే మెడకు ప్రమాదం. హెల్మెట్‌కు ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. పట్టీ బిగించాక వెనక నుంచి పైకి నెట్టినా ఊడి రాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. కోచింగ్‌కు వెళ్లడానికి 125 సీసీ బైకు అడుగుతున్నాడు. తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఇస్తే లైసెన్సు వస్తుందంటున్నారు, నిజమేనా?
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ బైకుకు రాదు. 16 నిండినవారికి పెద్దల సమ్మతితో ఇచ్చేది 50 సీసీ లోపు బండికే, మార్కెట్లో దొరికే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు పెద్దవే. మైనరు బండి నడుపుతూ మోటారు వాహనాల చట్టం కింద నేరం చేస్తే, ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సంరక్షకుడికీ బండి యజమానికీ 3 ఏళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పైగా అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. ‘నాకు తెలియకుండా తాళం తీసుకెళ్లాడు’ అనే మాటను రుజువు చేసుకోవాల్సింది మీరే. 18 నిండగానే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయించండి. అది చేతికొచ్చిన 30 రోజుల తరువాత టెస్టుకు వెళ్లవచ్చు. అప్పటిదాకా బస్ పాస్ తీయించండి.