వేవ్‌గైడ్‌కి లెన్సు పెడితే వెలుగు వస్తుందా?

ప్రశ్న: సర్, ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం గాజు పలక మీద ఎస్‌యూ-8తో (వెలుగు తగిలిన చోట గట్టిపడే పూత, అంటే ఒక రకం రెసిస్ట్) 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, అంతే ఎత్తు ఉన్న వేవ్‌గైడ్ (వెలుగును తనలో నడిపించే సన్నటి దారి) చేశాను. సింగిల్ మోడ్ ఫైబర్‌ని (వెలుగును మోసే సన్నటి గాజు తీగని) పలక మీదే పడుకోబెట్టి, దాని ముఖానికి ఆనించి ఎర్ర లేజర్ పంపితే అవతల వెలుగు దాదాపు రావడం లేదు. మైక్రోలెన్స్ ఒకటి చేసి అతికిస్తే సరిపోతుందా? నీళ్లలో రంగు ఎంత కలిసిందో కొలవాలి.
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: లెన్సు సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఎత్తులు లెక్కవేశావా అమ్మా? పై తొడుగు ఒలిచేశాక కూడా ఫైబర్ 125 మైక్రాన్ల లావుంటుంది. వెలుగు నడిచేది దాని నట్టనడుమ, అంటే పలకకు 62.5 మైక్రాన్ల పైన. నీ వేవ్‌గైడ్ 50 దగ్గరే ఆగిపోయింది. వెలుగంతా దాని నెత్తి మీదుగా పోతోంది!

చిక్కటి రకం ఎస్‌యూ-8 తీసుకుని పూతను 100 మైక్రాన్లకు పెంచు. వేడి ముందు 65 డిగ్రీలు, తర్వాత 95. చల్లార్చడం నిదానంగా జరగాలి, తొందరపడితే పగుళ్లిస్తుంది. ఫైబర్ పక్కకు జరగకుండా అటూ ఇటూ రెండు గోడలు కూడా అదే మాస్క్‌లో (పూత మీద వెలుగు ఎక్కడ పడాలో చూపే అచ్చులో) గీసెయ్.

లెన్సూ ఆ మాస్క్‌లోనే వస్తుంది. మైక్రోలెన్సులు చేసే ఒక పద్ధతిలో రెసిస్ట్ దిమ్మెల్ని కరిగిస్తే తలతన్యత వాటిని గుండ్రటి లెన్సులుగా మలుస్తుంది. చూడముచ్చటైన పద్ధతే, కానీ ఆ లెన్సులు పైకి చూస్తూ ఉంటాయి. నీ వెలుగేమో పలక వెంట అడ్డంగా పోవాలి. పైగా గట్టిపడ్డ ఎస్‌యూ-8 ఇక కరగదు. అందుకని మాస్క్‌లో వేవ్‌గైడ్ చివరనే విల్లులా వంచి గీయి. పక్కలకు చెదిరే వెలుగును అది దగ్గరకు తెస్తుంది. పైకీ కిందికీ చెదిరేదాన్ని మాత్రం ఆపలేదు.

ఇక కొలత. వేవ్‌గైడ్ గోడ దాటి నీళ్లలోకి వెలుగు తొంగిచూసేది మైక్రానులో చిన్న వంతే. దాన్ని నమ్ముకోకు. రెండు వేవ్‌గైడ్‌లను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో రంగునీళ్లకు కాలువ వదులు. అయితే లెన్సును నేరుగా నీళ్లలో ముంచకు. ఎస్‌యూ-8 వక్రీభవన గుణకం సుమారు 1.59, నీటిది 1.33. గాలిలోకి వెళ్లే సమాంతర కాంతి ఎంత దూరంలో కూడుతుందో, నీళ్లయితే దానికి దాదాపు మూడింతల దూరం పడుతుంది. లెన్సుకీ కాలువకీ మధ్య సన్నటి గోడ నిలబెట్టి, లెన్సు ముందు గాలి గది ఉంచు.

రంగు నీలానిదే తీసుకో. ఎర్ర రంగు కలిపితే నీ ఎర్ర లేజర్ దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది.