గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, పేపర్లు ఎందుకు ఆగిపోయాయి?

“ఇంటి పన్నుతో పాటు ఏటా గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నారు. మా శాఖా గ్రంథాలయానికి మాత్రం ఆరు పేపర్లు వచ్చే చోట రెండే వస్తున్నాయి. కొత్త పుస్తకం కనిపించి ఏళ్లయింది. ఆ డబ్బు ఏమవుతోంది? అడిగే దారి ఉందా?” అన్నది మీ ప్రశ్న.

దారి ఉంది. ఇదే ప్రశ్న పట్టుకుని మా ఊళ్లో పద్నాలుగు నెలలు తిరిగాను. మాది కృష్ణా డెల్టాలో ఒక మునిసిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు. నాకు కాగితాలు చూపించి సాయం చేసినవారు ఇంకా అవే కార్యాలయాల్లో పనిచేస్తున్నారు.

ముందు ఆ పన్ను సంగతి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున ఈ పన్ను వసూలవుతుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఆ చట్టమే కొనసాగింది. పల్లెల్లో పంచాయతీలు కూడా ఇంటి పన్నుతో కలిపి దీన్ని వసూలు చేస్తాయి. మా ఇంటికి ఆస్తి పన్ను 2,400 రూపాయలు, దాని మీద గ్రంథాలయ పన్ను 192. విడిగా చూస్తే చిన్న మొత్తమే. ఇరవై వేల ఇళ్లున్న ఊరిని తీసుకుని, ఇంటికి సగటున 2,000 ఆస్తి పన్ను అనుకోండి. అందరూ కడితే ఏడాదికి 32 లక్షలు గ్రంథాలయాల పేరిట వసూలవుతాయి. అయిదు దినపత్రికలు ఏడాది పొడవునా వేయించుకోవడానికి పదిహేను వేలు చాలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్న రోజే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం ధర మీద పన్ను వేస్తున్నారు. ఏటా 15 శాతానికి మించకుండా అది పెరుగుతూ వచ్చింది. గ్రంథాలయ పన్ను దానికి ముడిపడి ఉంది కాబట్టి అదీ పెరుగుతుంది. అంటే పేపర్లు తగ్గిన సంవత్సరాల్లోనే మనం కట్టే మొత్తం పెరిగింది.

అసలు విషయం ఏమిటంటే, ఈ 8 పైసలు మునిసిపాలిటీ సొంత ఆదాయం కాదు. ఊరు వెళ్తున్నవారి చేతికి “మా అమ్మకు ఇవ్వండి” అని డబ్బు ఇచ్చి పంపుతాం కదా, అలాంటిది. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడమే మునిసిపాలిటీ పని. సిబ్బంది జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఉంటుంది. పేపర్లు, పుస్తకాలు, భవనం అద్దె, కరెంటు బిల్లు, కుర్చీలు, ఫ్యాన్లు ప్రధానంగా ఈ పన్ను మీదే నడవాలి. అది చేరకపోతే గ్రంథాలయంలో ముందు ఆగేది పేపరు. ఎందుకంటే అద్దె కట్టకపోతే తాళం వేస్తారు, కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు తీస్తారు. పేపరు ఏజెంటు మాత్రం కొన్ని నెలలు ఓపిక పడతాడు.

మా గ్రంథాలయం నాకు ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పాలి. పెళ్లయి, మూడేళ్ల బాబు ఉన్నప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదవడం మొదలుపెట్టాను. కోచింగుకు డబ్బు లేదు, ఇంట్లో చోటు లేదు. సాయంత్రం నాలుగింటికి బాబును మా అత్తగారికి అప్పగించి వెళ్లేదాన్ని. పెంకుటింట్లో రెండు గదులు. కిటికీ పక్కన “స్త్రీలకు మాత్రమే” అని రాసి ఉన్న ఒక బల్ల. పేపర్లు ఏటవాలు చెక్క స్టాండ్ల మీద, మధ్యలో ఇనుప కడ్డీ బిగించి ఉండేవి. నిలబడి చదువుతూ నోట్సు రాసుకునేవాళ్లం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు పేపరు శనివారం చదవాలి. రెండేళ్ల తరువాత ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఆ బల్ల లేకపోతే ఆ ఉద్యోగం లేదు. ఈ మాట నేను ఎక్కడైనా చెప్పగలను.

2022లో బదిలీ మీద మళ్లీ మా ఊరు వచ్చి అక్కడికి వెళ్లాను. స్టాండ్లు ఆరు ఉన్నాయి, పేపర్లు రెండు. వాటిలో ఒకటి లైబ్రేరియన్ గారు సొంత డబ్బుతో వేయిస్తున్నారు. పరీక్షలకు చదివే పిల్లలు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని వరండాలో కూర్చున్నారు. ఆయన నాకు పత్రికల రిజిస్టరు తీసి చూపించారు. ఒక్కో పత్రికకు ఒక్కో పేజీ, నెలకు ఒక వరుస, రోజుకు ఒక గడి. పేపరు వచ్చిన రోజు గడిలో ఎర్ర సిరాతో టిక్కు. ఒక పేజీలో మార్చి 31 వరకు టిక్కులు వరసగా ఉన్నాయి, ఏప్రిల్ గడులన్నిటి మీదుగా ఒకే ఒక గీత. గీత మీద “నిలిపివేయడమైనది” అని గుండ్రటి అక్షరాలు. నాలుగు పేజీల్లో అదే గీత. “ఏజెంటుకు పదకొండు నెలల బాకీ ఉందమ్మా, ఆయనను మాత్రం ఏమనగలను?” అన్నారు.

జిల్లా గ్రంథాలయ సంస్థలో అడిగితే “మునిసిపాలిటీ నుంచి మాకు రావాలి” అన్నారు. మునిసిపాలిటీలో అడిగితే “గ్రంథాలయం మా పరిధి కాదు, జిల్లా సంస్థను అడగండి” అన్నారు. రెండు మాటలూ నిజమే, అందుకే సామాన్యుడు ఆ రెండింటి మధ్య అలసిపోయి ఇంటికి పోతాడు. నేను లెక్కల మనిషిని కాబట్టి మునిసిపల్ అకౌంటెంట్ గారి దగ్గర కూర్చున్నాను. ఆయన చెప్పినది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. “మేడమ్, వచ్చేదంతా ఒకే ఖాతాలో పడుతుంది. నెల మొదట్లో పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల బిల్లు, నీళ్ల మోటార్ల బిల్లు. ఇవి ఆపితే మూడో రోజుకు ఊరు మా మీద పడుతుంది. గ్రంథాలయం డబ్బు ఇవ్వలేదని ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు. మీరే మొదటివారు.”

ఆయన మీద నాకు కోపం రాలేదు. చెత్త ఎత్తే మనిషికి జీతం ఆపి పేపరుకు డబ్బివ్వమని నేను అడగను. కానీ ఈ ఇరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. నిధులు ఆ పనులంత వేగంగా రాలేదు. వినోదపు పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయింది. వృత్తి పన్ను రాష్ట్రం వసూలు చేస్తుంది. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే పదిహేనో ఆర్థిక సంఘం పట్టణాలకిచ్చిన గ్రాంట్లలోనూ ఎక్కువ భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉంది. చెత్త సేకరణకు 2021లో రుసుము పెట్టారు, జనం వ్యతిరేకించారు, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. కట్టేవారికి ఊరటే. చెత్త బండి డీజిలు ఖర్చు మాత్రం రద్దు కాలేదు, అది ఎక్కడో ఒక పద్దు నుంచి రావాలి. చివరికి మునిసిపాలిటీ చేతికి అందేది ఆస్తి పన్ను, నీటి పన్ను లాంటివే. చేయి ఇరుకైనప్పుడు, అడిగేవారు లేని పరాయి సొమ్ము ముందు ఖర్చవుతుంది. ఏ పార్టీ పాలించినా ఇదే జరిగింది.

అడిగే నాథుడు లేకపోవడానికి రాజకీయ కారణమూ ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌ది నామినేటెడ్ పదవి. ప్రభుత్వం మారితే చైర్మన్ మారతారు, మధ్యలో కొన్నాళ్లు కుర్చీ ఖాళీ. మునిసిపాలిటీల్లో కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాత మళ్లీ మునిసిపల్ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. పాలకవర్గాల గడువు 2019లో తీరింది. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలనలో వార్డు మనిషి వెళ్లి నిలదీయడానికి కౌన్సిలరే లేడు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, పెద్దలు వచ్చి మాట్లాడతారు. ఆ వేదిక మీద బకాయి అంకె ఒక్కసారి చదివినా ఎంతో మేలు జరిగేది.

నాకు బాధ కలిగేది ఇంకొకటి. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు గ్రంథాలయ ప్రతినిధులను ఒకచోట చేర్చి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. అంతకు ముందే 1901లో, నిజాం రోజుల్లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1930లలో పాతూరి నాగభూషణం గారు మా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు. అప్పుడు పన్ను లేదు, చందాలతో నడిపారు. ఇప్పుడు చట్టం ఉంది, పన్ను ఉంది, వసూలు కూడా అవుతోంది. కాలువ మీద పడవలో పుస్తకం వెళ్లిన ప్రాంతంలో, మునిసిపల్ కార్యాలయం నుంచి నాలుగు వీధుల అవతలికి డబ్బు వెళ్లడం లేదు.

ఇక మీరు చేయవలసినది. సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ కార్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. “ఎందుకు ఇవ్వలేదు” అని మాత్రం రాయకండి. కారణాలు చెప్పడం మా పని కాదని తిప్పి పంపుతారు. గడిచిన అయిదు ఆర్థిక సంవత్సరాలకు గ్రంథాలయ పన్ను డిమాండు (వసూలు కావలసిన మొత్తం) ఎంత, వసూలు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత, ఏ తేదీన జమ చేశారు అన్న వివరాలు, వాటి రికార్డుల నకళ్లు అడగండి. అదే రోజు జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇంకో దరఖాస్తు పెట్టి, మీ మునిసిపాలిటీ నుంచి అందినది ఎంత, బకాయి ఎంత అని అడగండి. రెండు చోట్ల అంకెలు కలవకపోతే మీ చేతికి మంచి ఆధారం దొరికినట్టే. మా ఊళ్లో కలవలేదు.

మూడోది ఆడిట్ నివేదిక. మునిసిపాలిటీ లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. గ్రంథాలయ పన్ను జమ చేయలేదన్న అభ్యంతరం మా ఊరి నివేదికలో వరుసగా ఏటా ఉంది. నేను కనిపెట్టినది ఏమీ లేదు, ప్రభుత్వ ఆడిటరే రాసి సంతకం పెట్టారు, ఎవరూ పేజీ తిప్పలేదు. ఆ పేజీ నకలు అడగండి. కౌన్సిలర్‌కు పది నిమిషాల ఉపన్యాసం కన్నా ఆ ఒక్క పేజీ బాగా పనిచేస్తుంది.

నా మొదటి దరఖాస్తుకు ముప్పై రోజుల గడువు దాటాక “సమాచారం సేకరించవలసి ఉన్నది” అని ఒక ముక్క వచ్చింది. అదే చట్టం కింద పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. అప్పుడు ఒక కాగితం వచ్చింది, అయిదేళ్ల అంకెలతో. ఆ కాగితం జిరాక్సు తీసి గ్రంథాలయంలో బల్ల మీద పెట్టాం. పాఠకులు అరవై మూడు మంది సంతకాలు చేశారు. భూతద్దంతో పేపరు చదివే ఒక రిటైర్డు మాస్టారు అందరికన్నా ముందు చేశారు. చదువుకునే ఆడపిల్లలు పదకొండు మంది తమ ఇంటి పన్ను అసెస్‌మెంటు నంబర్లు కూడా రాశారు, అది వాళ్ల ఆలోచనే. బడ్జెట్ సమావేశానికి ముందు మా వార్డు కౌన్సిలర్‌ను కలిసి ఇచ్చాం. ఆయన “అక్కా, ఇది నాకు తెలియనే తెలియదు” అని నిజాయితీగా ఒప్పుకుని, సమావేశంలో లేచి ఆడిట్ పేజీ చదివారు. సమయం ముఖ్యం. బడ్జెట్ ఆమోదం పొందాక వెళ్తే “వచ్చే ఏడాది చూద్దాం” అంటారు. సంక్రాంతి దాటగానే మొదలుపెట్టండి.

జూన్‌లో ఒక వాయిదా జమ అయింది. పాత బకాయిలో అది చిన్న భాగమే. కానీ ఏజెంటు బాకీ తీరింది, అయిదు పేపర్లు వస్తున్నాయి, పోటీ పరీక్షల పుస్తకాలకు రెండు రాక్‌లు నిండాయి. రిజిస్టరులో గీత కొట్టిన పేజీల తరువాత కొత్త పేజీలు తెరిచి లైబ్రేరియన్ గారు మళ్లీ ఎర్ర సిరా పెన్ను తీశారు. ఆయన ఇప్పటికీ ఒక పేపరు సొంత డబ్బుతోనే వేయిస్తున్నారు, వద్దన్నా వినడం లేదు.

మరుగుదొడ్డికి మాత్రం ఇంకా తాళమే. మూడు గంటలు కూర్చుని చదివే ఆడపిల్లలు దానికోసం మధ్యలో లేచి ఇంటికి వెళ్లిపోతున్నారు. మరమ్మతు అంచనా ఎక్కడ ఆగిందో అడుగుతూ గత నెలలో ఇంకో దరఖాస్తు పంపాను. గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది.